ఊ కొట్టడం రాని మేడం

తల్లిదండ్రులు కష్టం చెప్పుకోవడానికి ఫోన్ చేసే సహాయ కేంద్రం ఒకటి కామారెడ్డిలో ఉంది. అక్కడ వాలంటీర్లకు శిక్షణ ఇచ్చేది నేనే. కొత్త దరఖాస్తుల్లో ఆమె ఫోటో చూడగానే దాన్ని పక్కన పడెయ్యొచ్చు. పడెయ్యలేదు. కావాలనే పిలిచాను.

ఎల్లారెడ్డిలో మా అమ్మాయి ఇంటర్ చదివినప్పుడు హాస్టల్ వార్డెన్ ఆమె. చేర్పించిన రోజు ఒక్కసారే చూశాను. పిల్ల అన్నం మానేసిందని దాని స్నేహితురాలు చెబితే, కామారెడ్డి బస్టాండులో నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. హారన్ల మోతలో ఒక చెవి మూసుకుని నా గోడు చెప్పుకున్నాను. ఆమె సగం కూడా వినలేదు.

“తల్లివి నువ్వా, నేనా?” అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాటకు సిగ్గుపడి, ఎక్కాల్సిన ఎల్లారెడ్డి బస్సు ఎక్కకుండా ఇంటికి తిరిగొచ్చాను. నాలుగో రోజు పిల్లను ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయాను. అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది. నాకే ఇంకా తగ్గలేదు.

మా శిక్షణలో మొదటి పాఠం ఊ కొట్టడం. రెండు కుర్చీలు వీపులు ఆనేలా వేస్తాం. ఒకరు తల్లి, ఒకరు వాలంటీర్. తల్లి చెప్పడం ఆపేదాకా వాలంటీర్ నోట “ఊ” తప్ప మరో మాట రాకూడదు. కథ వినే పిల్లలకు తెలిసిన విద్యే. పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లకే రాదు.

ఆమె వంతు వచ్చినప్పుడు తల్లి కుర్చీలో నేనే కూర్చున్నాను.

“మేడం, మా బిడ్డ హాస్టల్ల తింటలేదంట.”

“ఊ.”

“ఫోన్ల ఏడుస్తున్నది. ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు...”

“గట్ల గారాబం చేస్తే గిట్లనే అయితది. తల్లివి నువ్వా, నేనా?”

దగ్గర్లోని రాజంపేట నుంచి వచ్చిన అంగన్‌వాడీ టీచర్ కిసుక్కున నవ్వింది. “ఊ కొట్టుమంటే మేడం మనిషినే కొట్టవట్టె!”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

“తల్లిని నేనే మేడం. అందుకే ఎల్లారెడ్డి హాస్టల్‌కు ఫోన్ చేసిన. గప్పుడు గూడ గిదే అడిగిన్రు.”

ఆమె కుర్చీ కిర్రుమంది. వెనక్కి తిరిగి నా ముఖం కేసి చాలాసేపు చూసింది.

“ఎవల తల్లివి నువ్వు?”

ఇన్నేళ్లు నేను మోసిన మాట ఆమెకు గుర్తే లేదు! ఎంతమంది తల్లులను అలా అని ఉంటుందో, అందులో నేనెవరినో తేల్చుకోలేకపోతోంది. నేను చెప్పలేదు. చెబితే నా ఒక్కదానికే “తప్పైంది” అని చెప్పేసి తేలికపడిపోతుంది. వెతుక్కోనీ. ప్రతి తల్లి ముఖాన్నీ గుర్తు తెచ్చుకోనీ.

ఆమె దరఖాస్తు మీద “ఫోన్‌లో మాట్లాడే పని ఇవ్వకూడదు” అని ఆమె చూస్తుండగానే రాసి సంతకం పెట్టాను.

సాయంత్రం మెట్ల దాకా నా వెంట వచ్చింది.

“ఎవలో చెప్పరాదు చెల్లె. ఆ పిల్ల ఇప్పుడెట్లున్నది? మంచిగనే ఉన్నదా?”

“ఊ,” అన్నాను.

“పేరన్న చెప్పు.”

“ఊ.”