పెళ్లికూతురి కారుకి బ్యాటరీ

మా మామగారి అంబాసిడర్‌ని ఆయన పోయాక నడిపేది ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఆయనకి స్కూటర్ దాటి ఇంకేదీ రాదు. ఈ వేసవిలో దాని బ్యాటరీ చేతులెత్తేసింది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా పొద్దున్నకి స్టార్టర్ లాగితే ఒక్క మూలుగు మూలిగి ఊరుకునేది. విజయనగరంలో అడిగితే, "ఇంత పాతబండికి సరిపోయేది మా దగ్గర లేదమ్మా, వైజాగ్ ఎల్లండి" అన్నారు.

తీరిగ్గా వెళ్దామనుకునేదాన్నే గానీ, మా ఆడపడుచు కామేశ్వరి వదిన అప్పటికే ఒకరికి మాటిచ్చేసింది. వదిన చాలా ఏళ్లు వైజాగ్‌లో ఉంది. అప్పట్లో జాలరిపేట నుంచి చేపల బుట్టతో రోజూ ఇంటికొచ్చే నూకరత్నం, వదిన భర్త అన్నయ్యగారు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వదినకి తోడుగా వరండాలో పడుకుంది. ఆ నూకరత్నం కూతురు దుర్గ పెళ్లి ఇప్పుడు. "పెళ్లికూతురు మా నాన్న కారులోనే పందిరికి రావాలి" అని వదిన చెప్పేసింది. నన్ను అడగలేదు. బ్యాటరీ సంగతి తెలియదు కూడా.

బ్యాటరీ ఒక్కటే బస్సులో పట్టుకొచ్చుకుందామా అంటే, పోయినసారి అలా ఫోనులో సైజు చెప్పి తెప్పించి మోసపోయాను. వైర్లు అందలేదు. అందుకని ఈసారి కారునే తీసుకెళ్లాలి. తోస్తే స్టార్టవుతుంది. ఆపకూడదు, అంతే.

బుధవారం పొద్దున్న బాగా వెలుగొచ్చాక బయల్దేరాం. హెడ్‌లైట్లు వేస్తే ఇంజన్ ఆగిపోయే ప్రమాదం ఉంది మరి. మా ఆయనా, పక్కింటి మాస్టారూ వెనకనుంచి తోశారు. నేను రెండో గేరులో క్లచ్ వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి అందుకుంది. వదిన పరుగెత్తుకొచ్చి, కదులుతున్న కారులో ఎక్కి కూర్చుంది. అరవై దాటిన మనిషి!

తగరపువలసలో టిఫిన్. నేను యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకుండా సీట్లోనే కూర్చుంటే, వదిన ఇడ్లీ పొట్లం కట్టించి తెచ్చింది. బస్సు కోసం నిలబడ్డ ఒకాయన కిటికీలోకి వంగాడు.

"ఏటమ్మా, తింతన్నప్పుడైనా ఇంజిన్ ఆపొచ్చు కదా? పెట్రోలు దండగ."

"ఆపితే నువ్వు తోస్తావా బాబూ?" అంది వదిన.

"తోద్దును గానీ, నా బస్సొచ్చేత్తంది" అని ఆయన రెండడుగులు వెనక్కేశాడు.

ఆ పెట్రోలు అలా ఖర్చయిపోబట్టే, ఆనందపురం దగ్గర బంకులోకి తిప్పాల్సి వచ్చింది. అక్కడ ఇంజన్ ఆపక తప్పదు. సింహాచలం వెళ్తున్న వ్యాను ఒకటి పక్కన ఆగింది. పసుపుబట్టల్లో పదిమంది దాకా ఉన్నారు. వదిన వాళ్ల దగ్గరికెళ్లి, "పెళ్లికూతుర్ని ఎక్కించుకోవాలమ్మా, ఓ చెయ్యెయ్యండి" అంది. పెళ్లి అనగానే ఆడా మగా అందరూ దిగిపోయారు. "సింహాద్రప్పన్నా!" అని ఒక్కసారి తోశారు చూడండి, క్లచ్ వదలడం కూడా మర్చిపోయాను. రెండోసారికి అందుకుంది.

హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఎర్రలైటు ఉన్నంతసేపూ నేను ఇంజన్ గట్టిగా మోగిస్తూనే ఉన్నాను. పక్కన పోర్టుకి వెళ్లే లారీ డ్రైవరు పైనుంచి చూసి, "అంత తొందరేటమ్మా!" అన్నాడు.

బస కోసం సీతమ్మధారలో లాడ్జిలు చూశాం. మాకు ఏసీ అక్కర్లేదు, బాల్కనీ అక్కర్లేదు, ముందు రోడ్డు పల్లంగా ఉంటే చాలు. అలాంటిదే దొరికింది. గేటు ముందు చక్రాల కింద రాళ్లు పెట్టి, ఇంజన్ ఆపి, ఇద్దరం హాయిగా భోజనం చేశాం. ఇలాంటి బండితో వైజాగ్ వచ్చేవాళ్లు ఆ ఏరియా గుర్తుపెట్టుకోండి. రాళ్లు తీస్తే చాలు, కారు దానంతటదే దొర్లి స్టార్టవుతుంది.

మధ్యాహ్నం డాబాగార్డెన్స్‌లో బ్యాటరీల షాపుకి వెళ్లాం. యజమాని రమణ గారు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, నవ్వుతూ ఒక కొత్తరకం బ్యాటరీ తెప్పించారు. మూతలుండవు, నీళ్లు పొయ్యక్కర్లేదు, గ్యారంటీ ఎక్కువ. కానీ ప్లస్ అటుంది, మైనస్ ఇటుంది. మా వైర్లు అందడం లేదు.

"తిప్పి పెట్టేద్దాం మేడమ్."

తిప్పితే ప్లస్ వెళ్లి బ్యాటరీని బిగించే ఇనుప పట్టీకి ఆనుకునేలా ఉంది. "వద్దండీ, నిప్పురవ్వలొస్తాయి" అన్నాను.

రెండోది పెద్దది. ప్లస్, మైనస్ సరిగ్గానే ఉన్నాయి. పవర్ ఎక్కువ. నాకు మనసు దానిమీదే పోయింది. ఎందుకంటే ఊరేగింపులో బండి నత్తనడక నడుస్తుంది, లైట్లన్నీ వెలుగుతాయి, మా కారుకున్న పాతకాలం డైనమో ఆ స్పీడులో ఛార్జింగ్ ఇవ్వదు. భారమంతా బ్యాటరీదే. రమణ గారు కూడా అదే మంచిదన్నారు. బానెట్ వెయ్యబోతుంటే వదిన ఆపింది.

"ఎత్తుగా లేదేటి? పైరేకుకి తగిలిపోతే?"

"తగలదు మేడమ్, సందుంది."

వదిన పక్క హోటల్లోకెళ్లి, పూరీపిండి ముద్ద ఒకటి అడిగి తెచ్చింది. రెండు ముద్దలు చేసి ప్లస్ మీదొకటి, మైనస్ మీదొకటి పెట్టి, "ఇప్పుడెయ్యి" అంది. బానెట్ వేసి తీశాం. రెండూ అప్పడాల్లా అయిపోయి ఉన్నాయి. రమణ గారు పగలబడి నవ్వేశారు. "మేడమ్, మీరు షాపులో చేరిపోండి!" అన్నారు. కానీ నాకు నవ్వు రాలేదు. గతుకుల రోడ్డు మీద, కారులో పెళ్లికూతురు ఉండగా ఆ రేకు తగిలి ఉంటే?

మూడోది గోడౌన్ నుంచి వచ్చింది. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, మూతలు తీసి నీళ్లు పోసుకునే పాతరకం. వైర్లు అందాయి, పట్టీ బిగిసింది, పిండిముద్దలు చెక్కుచెదరలేదు. గ్యారంటీ తక్కువే. నెలనెలా నీళ్లు చూసుకోవాలి. నాకు బెంగ లేదు, ఇంటి మొక్కలకి పోస్తున్నానుగా. అయితే అందులో యాసిడ్ పోసి, నింపాదిగా ఛార్జింగ్ ఎక్కించాలట. "రేపు మధ్యాహ్నం ఇస్తాను. తొందరపెడితే దాని ఆయుష్షు పోద్ది" అన్నారు. పెళ్లి రేపు సాయంత్రమే. సరే అని, షాపువాళ్లూ దారినపోయేవాళ్లూ తోస్తే లాడ్జికి చేరాం గానీ, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

చెప్పిన మాట ప్రకారం మర్నాడు మూడింటికల్లా బిగించి ఇచ్చారు. నాలుగింటికి జాలరిపేటలో ఉన్నాం. ఇసుక మీదికి లాగిన తెప్పల మధ్యనుంచి నూకరత్నం ఎదురొచ్చి, వదిన చేతులు పట్టుకుని, "వత్తారో రారో అనుకున్నాను అమ్మగారూ" అంది. పిల్లలు కారుకి బంతిపూలు కట్టారు, రంగులైట్ల తీగలు చుట్టారు.

చీకటి పడుతుండగా దుర్గ ఎక్కింది. ముందు డప్పులు, డాన్సులు. సందు మొత్తం మనుషులే. సగం దూరంలో ఎవరో చిందులేస్తూ బానెట్ మీదికొచ్చి పడబోతే బ్రేకు తొక్కాను. ఇంజన్ ఆగిపోయింది. డప్పులు కూడా ఆగాయి. అందరూ నావైపే చూస్తున్నారు. హెడ్‌లైట్లు, రంగులైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

"తొయ్యమంటావేటి పిన్నీ?" అంది వెనకసీట్లోంచి దుర్గ, పట్టుచీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని. దిగి తోసేలా ఉంది.

స్టార్టర్ లాగాను. ఒక్క లాగుకే ఇంజన్ గర్జించింది. సందంతా ఈలలు. నూకరత్నం కారు ముందుకొచ్చి తనే చిందేసింది. వదిన ఏడుస్తూ నవ్వుతోందో, నవ్వుతూ ఏడుస్తోందో నాకు తెలియలేదు.

శుక్రవారం పొద్దున్న తిరుగుప్రయాణం. నూకరత్నం ఐసులో పెట్టిన వంజరం చేపలు డిక్కీ నిండా సర్దింది. వద్దంటే విననే లేదు. రెండ్రోజుల్లో దారిలోనూ, ఆ ఊళ్లోనూ మా కారుని ఎంతమంది తోశారో లెక్కలేదు. పేరడిగినవాళ్లు లేరు, విసుక్కున్నవాళ్లు లేరు. అందరూ ఒక్కటే అడిగారు: "పెళ్లి ఎవరిది?"

ఆనందపురం దాటాక కొత్తగా వేసిన ప్లాట్ల మధ్య ఖాళీ రోడ్లు కనిపించాయి. అంతదాకా బయటికి చూస్తున్న వదిన, "సరళా, ఓపాలి నాకిత్తావేటి?" అంది.

"ఏంటి వదినా?"

"స్టీరింగు. మీ అన్నయ్యగారిని అడిగితే నవ్వేసేవారు. నాను మళ్లీ అడగనేదు."

కారు పక్కకి తీసి, దిగి, అటు వెళ్లి కూర్చున్నాను. వదిన చీర కొంగు దోపుకుని స్టార్టర్ లాగింది. క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. బండి ఎగిరి ఆగిపోయింది. మళ్లీ లాగింది. మళ్లీ ఆగింది. నేను ఏమీ అనలేదు. బ్యాటరీ కూడా ఏమీ అనలేదు. ఎన్నిసార్లకో కారు మెల్లగా, గోదారి పడవలా కదిలింది.

రోడ్డు చివరికి చేరేసరికి ఎండ ముదిరింది. డిక్కీలోంచి ఐసునీళ్లు కారుతున్నాయి. "ఇంక ఇటివ్వు వదినా, చేపలు పాడవుతాయి" అన్నాను.

వదిన స్టీరింగ్ వదల్లేదు.

"మలుపు ఎలగ తిప్పాలో సెప్పు ముందు" అంది.