అవ్వ కొళంబులో కలిసిన మామిడి తొక్క

ముందే ఒప్పుకుంటున్నాను: నేను చెప్పే ఏ లెక్కనైనా మూడుతో భాగించుకుని చదవండి. కానీ ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో నా పట్టాకు నేనే ఎసరు పెట్టుకున్న ఈ వైనం మాత్రం ఎంత భాగించినా చిన్నది కాదు.

రెండువేల దశకం మొదట్లో తమిళనాడులోని మా ధర్మపురి జిల్లా నల్లంపల్లి దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీ బయట మామిడి తొక్కలు గుట్టలుగా పడి ఉండేవి. వాటిలో మందుకు పనికొచ్చే పదార్థాలు ఉన్నాయేమో వెతకడం నా ప్రాజెక్టు. తొంభై బస్తాలు మోపెడ్ మీద ఇంటికి మోశాను. (భాగించారా?) మిద్దె మీద ఎండేస్తే ధర్మపురి ఈగలన్నీ పెళ్లివారిలా దిగాయి. ఎండిన తొక్కల్ని దంచి, నీళ్లలో కాచి, వడగట్టి, మరగబెట్టగా మరగబెట్టగా చివరికి మిగిలింది ఒక్క సీసాడు సారం. నల్లగా, చిక్కగా, పాత చింతపండు గుజ్జులా ఉంది.

దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి చీటీ అంటించాను. ఆ ఏడే తెలుగు అక్షరాలు నేర్చుకున్న గర్వం నెత్తికెక్కి ఉందేమో, ముత్యాల్లా రాశాను: "పరిశోధన కోసం. ముట్టుకోవద్దు." మా ఇంట్లో పొద్దస్తమానం మాట్లాడేది తెలుగే గాని, చదివేది తమిళం. తెలుగు అక్షరం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అంటే ఆ చీటీ హెచ్చరించింది నన్నొక్కణ్ణే!

ఆదివారం మా గైడు సార్ సారం చూడటానికి ఇంటికొచ్చారు. ఆయనా మా వైపు తెలుగువారే. ఆయన చూసి సరేనంటేనే పట్టా. లేదంటే మళ్లీ మామిడి కాపు దాకా ఆగాల్సిందే.

"ముందు అన్నం తినండి సార్. సీసా యాడికీ పోదు," అంది అవ్వ.

నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. సార్ కొళంబు, అదే మా వైపు పులుసు, మూడోసారి వేయించుకుని, "ఏం రుచి అవ్వా!" అంటూ చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లారు.

"అవ్వా, ఏం ఏసినావు దీంట్లో?" అని అడిగాను.

"చింతపండు అయిపోయినాది రా. ఫ్రిజ్జిలో పులుపు ఉండె, సీసా అంతా కుమ్మరించేస్తిని."

గుండె జారి ఇస్తరాకులో పడింది. "దానిమీద రాసినానే, చూడలేదా?"

"చూస్తిని రా. ముద్దుగా జిలేబీల బొమ్మలేసుండావు. తినేదే అనుకొంటి."

సార్ తువ్వాలుతో చేయి తుడుచుకుంటూ వచ్చారు. "ఏమప్పా, సారం యాడ?"

"మీ కడుపులో ఉండాది సార్."

ఆయన తన పొట్ట చూసుకున్నారు, అవ్వను చూశారు, నన్ను చూడలేదు. "తొక్కల్లో ఏం మందుండాదో తెలీదు గాని, ఆకలికి మాత్రం బాగా పని చేసినాది. పోప్పా, వచ్చే కాపుకు మళ్లీ కాయి. ఈ తూరి చీటీ తమిళంలో రాయి."

అలా నా పట్టా ఏడాది వెనక్కి పోయింది. ఖాళీ సీసా మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో వంటింట్లో తెలుగు లిపిలో హెచ్చరిక రాయను. ఇదైనా తెలుగులో ధైర్యంగా రాస్తున్నానంటే, మా ఇంట్లో ఎవరూ చదవలేరనే!

అన్నట్టు, కల్పించింది ఒక్కటుంది. సార్ తిన్నది ఒక్కసారే. మూడుసార్లు అడిగి వేయించుకున్నది నేను.