అత్త చెప్పగా నేను రాయనివి

నిన్న మధ్యాహ్నం మా ఇంటికి గ్యాస్ బండ వచ్చింది. దించిపోయిన మనిషి మా వీధి మలుపైనా తిరగలేదు, ఫోన్ కుయ్యిమంది. ‘మా సేవ మీకు నచ్చిందా? మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అంటూ ఐదు చుక్కలు చూపించింది. ఈమధ్య మార్కాపురంలో చెప్పులు కొన్నా, చెవి చూపించుకున్నా ఇదే వరస. మా ఆవిడైతే ఐదు చుక్కలూ ఒక్క ఊపున నొక్కి పారేస్తుంది. నాకు మాత్రం వేలు ముందుకు పోదు. అభిప్రాయం అనే మాట చూడగానే మా మేనత్త గుర్తొస్తుంది. దాదాపు రెండేళ్ళు ఆమె తన అభిప్రాయాలన్నీ నన్ను నమ్మి నా చేతిలో పెట్టింది. వాటిని నేనేం చేశానో ఇంట్లోవాళ్ళకు కూడా సగమే తెలుసు.

ఆమె మా నాయనకు చెల్లెలు. అర్ధవీడు అవతల ఒక పల్లెలో పదిహేను మేకలు, రెండెకరాల కంది చేనుతో ఒంటిచేత్తో నెగ్గుకొస్తున్న మనిషి. చదవమంటే కూడబలుక్కుని చదువుతుంది. రాయడం సంతకం వరకే. ఆ ఊళ్ళో సగం మంది ఏడాదిలో ఎనిమిది నెలలు ఇళ్ళు కట్టే బేల్దారి పనులకని హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. అలా వెళ్ళిన వదినల, చెల్లెళ్ళ ముఖాలు చూడొచ్చని, వాళ్ళతో లూడో ఆడుకోవచ్చని, రెండు మేకపోతుల్ని అమ్మి కంభం పోయి తనే ఒక పెద్ద ఫోన్ కొనుక్కుంది. సొంత సొమ్ముతో కొన్నది కాబట్టి దాని మంచిచెడ్డలు చెప్పే హక్కు తనకుందని ఆమె గట్టి నమ్మకం. కొన్నవాళ్ళు బాగుందో లేదో నెట్‌లో రాయొచ్చని దుకాణంలో పిల్ల చెప్పిందట.

“నువ్వు బళ్ళో పిల్లోళ్ళకు రాసేది నేర్పిస్తావు గదా అల్లుడా, నా మాట గూడా నాలుగు ముక్కలు రాసి ఆ నెట్లో ఎయ్యి” అంది ఒక ఆదివారం ఫోన్ చేసి. నేను సరేనన్నాను. ఆమె గొంతు సవరించుకుంది. “దీనికి మూడు కండ్లు పెట్టినారు. దినామూ ఫొటోలు దిగను నేనేమన్న పెండ్లికూతుర్నా? వినే చెవి మాత్రం సక్కంగా పెట్టలేదు. రాసినావా?”

ఆ మొదటి రోజు నేను నిజంగానే రాయడానికి కూర్చున్నాను. ఆ సైటు పేరడిగింది, పాస్‌వర్డ్ అడిగింది, మరచిపోయానంటే ఇంకేదో అంకె పంపిస్తానంది. విసుగొచ్చి మూసేశాను. మళ్ళీ ఆదివారం ఆమె అడిగిన మొదటి మాట, “ఎవరన్నా చదివినారా?” అని. లేదంటే చిన్నబుచ్చుకుంటుందేమో అనిపించి, “నలభై మంది చదివినారత్తా” అన్నాను. “నలభై మందా?” అంది మెల్లగా. పెళ్ళిలో పీటల మీద కూర్చోబెట్టినప్పుడు కూడా ఆమె గొంతు అంత సిగ్గుపడి ఉండదు. ఇక వెనక్కి తగ్గడం నా వల్ల కాలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున మేకలకు కుడితి పెట్టి, తీరిగ్గా కూర్చుని, వారమంతా పోగేసుకున్నవి చెప్పేది. లూడో కంపెనీ మీద ఆమెకు పెద్ద అనుమానం ఉండేది. “చింతగింజలతో ఆడినప్పుడు గింజ ఎట్ల పడిందో అందరం చూసేటోళ్ళం. ఇప్పుడు పాచిక కంపెనీవాని గుప్పిట్లో ఉండాది. వాడు ఆరంటే ఆరు, రెండంటే రెండు. దాన్ని ఆటంటారా?” ఆట మధ్యలో వచ్చే ప్రకటనలో పేకాట ఆడమని చెప్పే సినిమా హీరో అంటే మరీ మంట. వయసులో అతని సినిమాకని ట్రాక్టరెక్కి కంభం పోయినవాళ్ళలో తనూ ఉంది. “వాళ్ళమ్మ ముందర కూసోని ఆడతాడేమో అడుగు” అనేది. ఎవరో ఆసామి డబ్బెక్కువై ఆకాశంలోకి రాకెట్లు పంపిస్తున్నాడని వింటే, “పంపించనీలే గానీ, మా చిన్నత్త పుల్లలచెరువు కాడ బోరేసి మూడేండ్లాయె, నీళ్ళు పడలా. ఆయప్పకు భూమి లోపలికి దిగేది తెలీదా ఏంది?” అనేది. మా పక్క నాయకుణ్ణి కూడా వదల్లేదు. “ఫ్లెక్సీలో రెండు చేతులూ జోడించి నిలబడతాడు. ట్యాంకరు రాలేదని పోతే ఆ చేతులు యాడుంటాయో కనపడవు. ఇది పేరుతో రాయి.” నేను ప్రభుత్వ ఉద్యోగిననీ, పేరు రాస్తే నా కొలువుకు ఎసరొస్తుందనీ చెబితే, “సరే, ఇంటిపేరు రాయి” అని బేరమాడింది.

నేను “ఊఁ, రాస్తున్నా” అంటూ పెన్ను మూతతో బల్ల మీద టకటకా కొట్టేవాణ్ణి. ఆ చప్పుడు వింటే ఆమె మాట్లాడే వేగం తగ్గించేది. నాకు రాసుకోవడానికి వీలుగా ఉండాలని ఆమె తాపత్రయం. కంపెనీల తరఫున జవాబులు కూడా నేనే చెప్పేవాణ్ణి. “మీ సలహాకు ధన్యవాదాలు అన్నారత్తా” అంటే, “ధన్యవాదాలు సరే, చెవి ఎప్పుడు బాగు చేస్తారంట?” అని నిలదీసేది. ఈ ముచ్చటంతా స్టాఫ్‌రూంలో చెప్పి నవ్వించేవాణ్ణి. ఒక ముసలమ్మను సంతోషపెడుతున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్న మాట కూడా నిజమే.

రెండో ఏడు ఎండాకాలంలో ఒక ఆదివారం ఆమె గొంతులో ఎప్పటి హుషారు లేదు. “అల్లుడా, ఇది పెనం మాదిరి కాలుతుండాది. వీపు ఉబ్బినట్టుంది, మూత సరిగ్గా పడటంలా. ఏందో అడుగు వాళ్ళని” అంది. ఆ సమయంలో నేను ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, ఆమె మాట వింటూనే ఫోన్‌లో చదరంగం ఆడుతున్నాను. ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి నా ఏనుగును చంపబోతున్నాడు. అడుగుతానన్నాను. అడగలేదు. మూడు రోజుల తర్వాత ఆమే ఫోన్ చేసి, “ఏమన్నారు?” అంది. “ఎండలకు అట్లే ఉంటుందంట, పర్వాలేదన్నారత్తా” అన్నాను. నా నోటికి అలవాటైన పనే అది. “వాళ్ళే పర్వాలేదంటే ఇంకేంలే” అని ఆమె నిశ్చింతగా ఫోన్ పెట్టేసింది.

ఆ వారం దాటకుండానే, వసారాలో మంచం మీద ఛార్జింగ్ పెట్టిన ఫోన్‌ను తీయబోతే అది భగ్గున మండింది. మంచం మీది బొంత అంటుకుంటుందని విసిరేయకుండా, దాన్ని వాకిట్లోకి మోసుకొచ్చి పడేసిందట. కుడి అరచెయ్యి, వేళ్ళు కాలిపోయాయి. పక్కింటి ఆమె ఆటోలో కంభం తీసుకుపోతే, అక్కడ కట్టు కట్టి మార్కాపురం పంపారు. ఆసుపత్రికి పోయే దారిలో సెల్ రిపేరు దుకాణం ముందు బండి ఆపి, ఉబ్బిన ఫోన్ గురించి అడిగాను. అతను తల ఎత్తకుండానే, “ఉబ్బిందంటే ఆ రోజే బ్యాటరీ తీసెయ్యాలి సార్, ఛార్జింగే పెట్టగూడదు” అన్నాడు. పది నిమిషాల పనట.

ఆమె మణికట్టు దాకా కట్టుతో మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే, “కాయితం తెచ్చినావా? రాయి అల్లుడా” అంది. “కాలుతుందని ముందే చెప్తిమి. పర్వాలేదన్నారు. నమ్మితిమి. అదంతా వరసన రాయి. పర్వాలేదని చెప్పినోని పేరేంది? అది ఖచ్చితంగా ఉండాల.”

నర్సు పక్క మంచం దగ్గర గ్లూకోజు సీసా మారుస్తోంది. ఆమె వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. కానీ అత్త నా ముఖంలోకే చూస్తోంది.

“నేనేనత్తా” అన్నాను. “వాళ్ళనెవర్నీ అడగలేదు. ఆ మాట నేనే చెప్పినా.”

తిడుతుందనుకున్నాను. కాలిన చెయ్యి చూపించి ఏడుస్తుందనుకున్నాను. ఆమె కట్టు వైపు చూసి, “మరి ఆ హీరోకు రాసింది?” అంది.

“రాయలేదు.”

“లూడో వాళ్ళకు?”

“లేదత్తా.”

“నీళ్ళ సంగతి? ఇంటిపేరుతో వేసినానంటివే?”

తల అడ్డంగా ఊపాను.

“నలభై మంది చదివినారంటివి” అంది. “ఊరంతా చెప్పుకుంటి గదరా” అని గోడవైపు తిరిగి పడుకుంది. నన్ను ఆమె ‘రా’ అనడం అదే మొదటిసారి.

ఆ తర్వాత కంపెనీకి జరిగినదంతా, నా తప్పుతో సహా, నిజంగా రాశాను. బిల్లు నంబరు పంపమన్నారు. బిల్లు ఫోన్ కవర్లోనే పెట్టుకునేది, దాంతోపాటే కాలిపోయింది. చెయ్యి మానింది గానీ రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. పాలు పితకడానికి పక్కింటి ఆమె వస్తోంది. నేను కొనిచ్చిన కొత్త ఫోన్‌ను డబ్బా కూడా విప్పకుండా పెట్టెలో పెట్టి, బటన్ల ఫోన్‌తో నడుపుకుంటోంది. నామీద కోపం ఎవరి దగ్గరా చూపించలేదు. కాలిన సంగతి అడిగినవాళ్ళకు కూడా ఎండకు పేలిందనే చెబుతుందట. ఆదివారాలు నేనే ఫోన్ చేస్తాను. బాగున్నానంటుంది, మేకలు బాగున్నాయంటుంది, పిల్లల్ని అడుగుతుంది. నిమిషంలో అయిపోతుంది. మొన్నొకసారి ధైర్యం చేసి, కాగితం ముందు పెట్టుకుని, ఈసారి నిజంగానే రాసుకుందామని, “అత్తా, కరెంటు మీటర్లు కొత్తవి పెడుతున్నారు గదా, ఏమంటావు?” అని అడిగాను.

“నాకేం తెలుసులే అల్లుడా” అంది.

ఆమె చెప్పినవాటిలో పదో పన్నెండో నాకు గుర్తున్నాయి. మిగతావి ఎంత తవ్వినా రావు, ఆమెను అడిగే ముఖమూ లేదు. ఆమె చెప్పిన రోజుల్లో నాకు తీరిక లేదు. తీరిక దొరికేసరికి ఆమెకు చెప్పాలన్న ఆశే పోయింది.