రోడ్డుకు అవతలి సగం

మిరపకాయల బస్తాల లారీ మా వీధిలోంచి వెళ్లిందంటే ఆ ఘాటు కిటికీలోంచి లోపలికొచ్చి నన్ను తుమ్మించిగానీ వదలదు. ఇవాళ ఆదివారం మధ్యాహ్నం కూడా అదే జరిగింది. నరసరావుపేటలో, అద్దెకున్న పై వాటాలో ఒక్కదాన్నే కూచుని ఫోనులో సూపర్ హీరో సినిమా చూస్తున్నాను. ముప్పై అయిదు దాటాక ఇదేం పిచ్చి అని ఆఫీసులో నవ్వుతారు, నవ్వుకోనీండి.

చిన్నప్పుడు నకరికల్లులో మా ఇల్లు పెద్ద రోడ్డుకు ఇవతల, నా క్లాసే చదివే కోటేశ్వరి వాళ్లిల్లు అవతల. నాకంటే రెండు నెలలు పెద్దది, ఆ పెద్దరికం ఏనాడూ వదులుకోలేదు. రోడ్డుకు రెండు వైపులా కరెంటు లైన్లు వేరు కావడంతో, ఎండాకాలం కోతల్లో మధ్యాహ్నం మూడింటికి మాకు పోయి వాళ్లకొచ్చేది. కేబుల్ ఆయనకు జనరేటర్ ఉండేది కాబట్టి సినిమా మాత్రం ఎవరి కోసమూ ఆగేది కాదు. ఆదివారం రెండింటికి డబ్బింగు సినిమా మొదలైతే మొదటి సగం నాది, రెండో సగం కోటేశ్వరిది. వాళ్లింటికి పరుగెత్తొచ్చుగా అంటారేమో, లారీలు తిరిగే ఆ రోడ్డు ఒక్కదాన్నే దాటితే మా నాయనమ్మ వీపు చిట్లగొట్టేది.

పొద్దు వాలాక పెద్దవాళ్ల వెంట మిరప కల్లానికి పోయి, ఎర్రగా పరిచిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ, మండే వేళ్లను పావడాకు తుడుచుకుంటూ, ఎవరి సగం వాళ్లం చెప్పుకునేవాళ్లం. కల్లాలు ఎత్తేశాక, తొలి ఏకాదశికైతే అది పేలపిండి నోట్లో పోసుకుని మరీ చెప్పేది, సగం కథ పిండై నా మీద పడేది. వేరే గ్రహం వాళ్లు ఎప్పుడూ ఆ అద్దాల మేడల మీదే ఎందుకు దిగుతారు, మా అడ్డరోడ్డు దగ్గర ఒక్కసారి దిగితే వాళ్ల సొమ్మేం పోయిందని నా అభిప్రాయం. ఎగిరేవాడికంటే వాడి బట్టలు కుట్టినవాడే గొప్పోడని దాని అభిప్రాయం. ఇనప చొక్కా వేసుకుని పల్నాడు ఎండలో నిలబడితే ఎంతటి వీరుడైనా మధ్యాహ్నానికి ఉడికిపోతాడని మా నాయనమ్మ తేల్చేసింది.

మా నాన్న క్వారీ రాళ్ల లారీ తోలేవాడు. నేను ఆరో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం లారీ బోల్తా పడి గుంటూరు ఆసుపత్రిలో చేరాడు. అమ్మ అక్కడే ఉండిపోయింది. ఆ ఆదివారం సినిమాలో పిడుగుల్ని మింగే వీరుడొకడు, అన్నం వేళకు వచ్చేస్తానని కూతురికి చెప్పి మబ్బుల్లోకి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే మా కరెంటు పోయింది.

సాయంత్రం కల్లంలో, వాడు తిరిగొచ్చాడా అని అడిగాను. కోటేశ్వరి కాయల మీంచి తలెత్తలేదు.

"వచ్చాడే. అన్నం టయానికే వచ్చాడు. ఆ పిల్ల అప్పుడే పళ్లెం పెడతా ఉంది."

వారమంతా ఆ మాట పట్టుకుని తిరిగాను. పై ఆదివారం నాన్నను తీసుకొచ్చారు, ప్రాణం లేకుండా.

ఏడో తరగతికి నన్ను నరసరావుపేట హాస్టల్లో వేశారు. అక్కడ ఆ సినిమా మాటొస్తే వీరుడు ఇంటికొచ్చాడని ఒట్టేసి చెప్పాను. మబ్బుల్లోనే చచ్చిపోయాడుగా అని పిల్లలంతా విరగబడి నవ్వారు. దసరా సెలవులకు వెళ్లి, మొదటిసారి ఒక్కదాన్నే రోడ్డు దాటి, కోటేశ్వరి వాకిట్లో నిలబడి, నువ్వు అబద్ధాలకోరువి, ఇక నాతో మాట్లాడొద్దని అరిచాను.

"మీ నాన్న ఆసుపత్రిలో ఉంటే ఏం జెప్పమంటావే మరి?" అంది.

అర్థం కాక కాదు. నాన్న పోయాడన్న కోపం చూపించడానికి నాకు దానికంటే దగ్గరి మనిషి దొరకలేదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. సంక్రాంతికి ముందే వాళ్లు ఇళ్లు కట్టే బేల్దారి పనులకు ఊరొదిలి వెళ్లిపోయారు. ఎటు వెళ్లారో తెలిసినవాళ్లు లేరు. దాని ఇల్లున్నచోట ఇప్పుడు పురుగుమందుల కొట్టుంది. కరెంటు కోతలూ దాదాపు లేవు. ఏ సినిమా అయినా మొదటి నుంచి చివరిదాకా నేనే చూస్తాను, చూశాక చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు.

ఇవాళ చూసింది ఆ పాత సినిమాకు ఇన్నేళ్లకు తీసిన రెండో భాగం. పిడుగులు మింగినవాడు చావలేదట, ఇంటికి తిరిగొచ్చాడు. ఫోనులో అభిమానుల గుంపొకటి ఉంది, అందరూ మండిపడుతున్నారు. చచ్చినవాణ్ణి బతికించడం ప్రేక్షకుల్ని మోసం చేయడమేనట, కథకు విలువే లేకుండా పోయిందట. మామూలుగా అయితే నేనూ అదే రాసేదాన్ని. ఇవాళ మాత్రం, వాడు ఇంటికొచ్చాడని మా కోటేశ్వరి ఎప్పుడో చెప్పింది అని రాశాను.

కోటేశ్వరి ఎవరండీ అని కింద ఎవరో అడిగారు. రోడ్డుకు అవతల ఉంటుంది అని రాసి, కాసేపు చూసి, చెరిపేశాను.