మగాడిలా

పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే అక్కయ్య ప్రతి పేజీకీ ముందు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలచుకుంటుంది. తప్పు కింద పెన్సిల్ గీత గీసినా, కాగితానికి నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా గీస్తుంది. టీ వస్తే మొదటి కప్పు పక్క బల్లకు జరుపుతుంది. ఇరవై ఏళ్ళలో అక్షరాలే దిద్దింది గాని అర్థాల జోలికి పోలేదు. అలా పోయినవాళ్ళ ఉద్యోగాలు ఊడటం చూసింది. ఆ రోజు సినిమా సమీక్షలో మాత్రం ఒక మాట కింద ఆమె చెయ్యి గీత గీసేసింది. సినిమాలో ఓ తల్లి కూతురి కోసం ఒంటరిగా కోర్టుకెక్కుతుంది. ఆడవాళ్ళ సినిమా అంటే ఇదీ అని మెచ్చుకుంటూ సమీక్షకుడు రాశాడు: ‘ఆమె మగాడిలా నిలబడింది.’

గబగబా గీత చెరపబోయింది. ఈలోపే ఆ సమీక్షకుడు వచ్చి వెనక నిలబడ్డాడు.

“ఏంటక్కయ్యా, నా దాంట్లోనూ తప్పేనా? దీర్ఘం మరిచానా?”

“దీర్ఘాలు బాగానే ఉన్నాయి బాబూ.” పెన్సిల్ బల్ల మీద పెట్టింది. “మా పిల్లని నేనొక్కదాన్నే పెంచుకున్నాను. ‘మగాడిలా నెట్టుకొచ్చావమ్మా’ అంటారంతా. మెచ్చుకోలే కదా, నవ్వుతాను. ఇంటికెళ్ళాక ఎందుకో అన్నం దిగదు.”

ఆయన ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నాడు. “పోనీ, ఎవరిలా అనమంటావ్? పులిలా అందామా?”

“ఎవరిలానూ వద్దు బాబూ.”

ఆయన పెన్సిల్ అందుకుని ఆ ఒక్క మాటా కొట్టేశాడు. మిగిలిన వాక్యాన్ని అక్కయ్య అలవాటు కొద్దీ రెండుసార్లు చదివింది. తప్పేమీ లేదు.