ఖాళీ వదలద్దు

నేను లెక్కల సారును. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, లేకపోతే తర్వాత చెప్పబోయేది ఎవరూ నమ్మరు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల హైస్కూళ్లలో పద్దెనిమిదేళ్లుగా సుద్దముక్కలు అరగదీస్తున్నాను. నా దగ్గర చదివినవాళ్లు బ్యాంకుల్లో ఉన్నారు, కరెంటాఫీసులో ఉన్నారు. ఒకడు ఆర్టీసీ కండక్టరు. నేను బస్సెక్కితే చాలు, నిలబడి నమస్కారం పెడతాడు. కండక్టరు ఎలాగూ నిలబడే ఉంటాడు కదా అని మా ఆవిడ అంటుంది. నా గొప్పలన్నిటికీ ఆమె దగ్గర ఇలాంటి ఒక జవాబు ఉంటుంది.

నేను చెప్పిన పాఠాలన్నీ మరిచిపోయినా నా పిల్లలు ఒక్క మాట మరిచిపోరు: ఖాళీ వదలద్దు. పదో తరగతి పరీక్షల ముందు రోజు నేను చెప్పే ఆఖరి మాట అది. లెక్క రాకపోతే సూత్రం రాయి. సూత్రం రాకపోతే లెక్కలో ఇచ్చిన అంకెలన్నా రాయి. అదీ చేతకాకపోతే ప్రశ్ననే మళ్లీ రాయి. దిద్దేవాడు మెత్తని మనిషైతే అర మార్కో, మార్కో పడుతుంది. తెల్లకాగితానికి మార్కు వేయడం దేవుడి తరం కూడా కాదు. ఆదివారం ఆదివారం చర్చికి పోయేవాణ్ణి, అలా అనకూడదు గానీ, ఈ మాటతో గట్టెక్కిన పిల్లలు అంతమంది ఉన్నారు మరి.

మా పాప అప్పుడు ఐదో తరగతి. నంద్యాలలో ఒక రెసిడెన్షియల్ స్కూలు ఉంది. ఏటా లెక్కల పరీక్ష పెట్టి, పైన వచ్చిన పదిమందికి ఆరు నుంచి పది దాకా చదువూ హాస్టలూ ఉచితంగా ఇస్తారు. ఆ కాగితం తెచ్చింది నేను కాదు, పాపే. ఎవరో బడి దగ్గర పంచితే నాలుగు మడతలు పెట్టి తెచ్చి నా ముందు పరిచింది. నేను పొంగిపోయాను. నా రక్తం ఊరికే పోతుందా! ఎందుకమ్మా నీకు ఆ స్కూలంత ఇష్టం అని అడిగాను, లెక్కలంటే ప్రాణం అంటుందేమోనని.

"ఆడ నేనెవురో ఎవురికీ తెలీదు కదా నాయనా" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత మా ఆవిడ విడమరిచి చెప్పింది. బడిలో పాప ఎక్కం తప్పు చెబితే, లెక్కల సారు కూతురివై ఉండి ఇది రాదా అంటారట. సరిగ్గా చెబితే, లెక్కల సారు కూతురికి రాకేం అంటారట. అంటే తప్పయితే ఆమెది, ఒప్పయితే నాది. వచ్చే ఏడు ఆరో తరగతికి నా హైస్కూల్లోనే చేరాలి. ఆ గోల ఇంకో ఐదేళ్లు. ఈ సీటు వస్తే తప్ప తప్పించుకునే దారి లేదు, ఫీజు కట్టి హాస్టల్లో పెట్టే స్తోమత మాకు లేదు. పదేళ్ల పిల్ల ఇదంతా మనసులో పెట్టుకొని ఆ కాగితం తెచ్చింది. నాకు కొంచెం చురుక్కుమంది. అయినా బయటపడలేదు. నా నుంచి తప్పించుకోవడానికి కూడా నేనే చదివించాలి కదా అనుకొని వరండా గోడకు నల్లరంగు పూశాను.

ఆ రోజు నుంచి ఇంట్లో నాయన లేడు, సారే ఉన్నాడు. అన్నం తింటూ భిన్నాలు, బడికి పోతూ గుణిజాలు. ఉప్మాను మూడున్నర భాగాలు చేయమంటే మా ఆవిడ గరిటె నా చేతిలో పెట్టి, చేసి చూపించమంది.

రైలు ప్లాట్‌ఫారాన్ని దాటే లెక్క దగ్గర పాప ఆగిపోయింది. ప్లాట్‌ఫారం పొడవుకు రైలు పొడవు ఎందుకు కలపాలి అంటుంది. ఆళ్లగడ్డకు రైలు లేదు, పాపం చూస్తే కదా తెలిసేది. ఒక ఆదివారం సాయంత్రం నంద్యాల స్టేషనుకు తీసుకుపోయాను. ఫోన్లో గడియారం సిద్ధంగా పెట్టుకొని నిలబడ్డాను. ఎక్స్‌ప్రెస్ గంట లేటుగా వచ్చింది. వచ్చి, దాటిపోకుండా ఆగింది. స్టేషనుకు వచ్చిన రైలు ఆగుతుందన్న సంగతి లెక్కల సారుకు ముందు తట్టలేదు. చివరికి ఒక గూడ్సు దయతలిచి ఆగకుండా పోయింది. పెట్టెలు నాకు నలభై ఒకటి వచ్చాయి, పాపకు నలభై రెండు వచ్చాయి. బస్టాండు దాకా వాదించుకున్నాం. దారిలోనే నాకు వెలిగింది, చివరి గార్డు పెట్టెను నేను వదిలేశాను. కానీ ఒప్పుకోలేదు. నలభై ఒకటే అని ఇంటిదాకా సాధించాను. పాప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పరీక్ష రోజు పొద్దున స్కూలు గేటు బయట చివరి ఉపదేశం చేశాను. యాభై ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు జవాబులు, సరైనదాని ఎదురుగా ఉన్న సున్నాను పెన్నుతో నల్లగా దిద్దాలి. వచ్చినవి ముందు చెయ్యి, ఆఖరి ఐదు నిమిషాల్లో మిగిలిన సున్నాలన్నీ ఏదో ఒకటి దిద్దేయి, ఖాళీ వదలద్దు అన్నాను. పాప హాల్ టికెట్టు వెనకవైపు తిప్పి, "నాయనా, దీంట్లో ఏమో రాసిండారు" అని ఏదో చెప్పబోయింది. సూచనలు చదువుతూ కూర్చునేవాళ్లకు టైము చాలదు, ముందు లోపలికి పో అని వీపు తట్టి పంపించాను.

మూడు రోజులకు జవాబుల పట్టీ ఫోన్లో వచ్చింది. పాప తన ప్రశ్నపత్రం మీద ఏవి దిద్దిందో గుర్తు పెట్టుకుంది. కూర్చొని సరిచూశాను. నలభై ఒకటి చేసింది, అందులో ముప్పై ఎనిమిది ఒప్పు. మిగిలిన తొమ్మిదీ నేను చెప్పినట్టే గుడ్డిగా దిద్దింది, వాటిలో ఒకటి తగిలింది. మొత్తం ముప్పై తొమ్మిది! పోయినేడు ఆఖరి సీటు ముప్పై ఆరు దగ్గర ఆగిందని ఎవరో చెప్పారు. ఇంకేం కావాలి? ఆ ఒక్క మార్కు చూడు, అది నా మాట వల్ల వచ్చింది అని పాపకు వేలు పెట్టి చూపించాను. పాప ప్రశ్నపత్రం మడిచి లోపల పెట్టేసింది. అలిసిపోయిందేమో అనుకున్నాను.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు మేలు చేసినవాళ్లు లేచి నాలుగు మాటలు చెబుతారు, తర్వాత అవసరం ఉన్నవాళ్లు ప్రార్థన మనవి చెప్పుకుంటారు. ఫలితాలు బుధవారం. నాకు ఆదివారం దాకానే ఓపిక లేదు, బుధవారం దాకా ఎక్కడిది? కృతజ్ఞతగా సంఘానికంతా భక్ష్యాలు పెడదామన్నాను. మా ఆవిడ పిండి కలుపుతూనే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని దెప్పింది. విశ్వాసం లేనిదానివి అన్నాను. అరవై మందికి సరిపడా చేసింది పాపం, నడుము పట్టేసింది.

నేను లేచాను. నా కూతురికి నంద్యాలలో సీటు ఇచ్చిన దేవునికి స్తోత్రం అన్నాను. ఇచ్చిన అన్నాను, ఇవ్వబోయే అని కూడా అనలేదు. అక్కడితో ఊరుకున్నానా? పిల్లలకు ఖాళీ వదలద్దు అనే నా సూత్రం గురించి కూడా రెండు ముక్కలు చెప్పాను. దేవుని సాక్ష్యంలో నా సాక్ష్యం కలిపేశాను. పాప ఆడవాళ్ల వైపు చాప మీద తల వంచుకొని కూర్చుంది. వినయం అనుకున్నాను. భక్ష్యాలు మాత్రం బాగున్నాయి, అందరూ చెప్పారు.

బుధవారం వచ్చిన ఫలితాల పట్టీలో పాప పేరు లేదు. మార్కులు చూస్తే ముప్పై మూడున్నర. ఆఖరి సీటు ముప్పై ఐదు.

నా కోపం ఆకాశాన్ని అంటింది. మోసం! ప్రశ్నకు ఒక మార్కు అయినప్పుడు అర మార్కు ఎట్లా వస్తుంది? ఈ ఒక్క పాయింటుతో వాళ్లను కోర్టుకు ఈడుస్తానన్నాను. మరుసటి రోజు సెలవు పెట్టి పాపను వెంటబెట్టుకొని నంద్యాల బస్సెక్కాను. వద్దు నాయనా, పోనీలే అని పాప దారి పొడుగునా అంటూనే ఉంది. అన్యాయాన్ని సహించకూడదని నేను ఆమెకు నీతి చెప్పాను.

స్కూలు ఆఫీసులో కళ్లద్దాలు పెట్టుకున్న ఒకామె కూర్చుని ఉంది. వచ్చీ రాగానే నేను లెక్కల టీచర్నని చెప్పుకున్నాను. అది చెప్పకుండా ఉంటే కొంచెం పరువైనా మిగిలేది. ప్రశ్నపత్రం బల్ల మీద పెట్టి, అర మార్కు ఎక్కడిదో చెప్పమని గట్టిగా అడిగాను. పక్కగదుల్లోంచి ఇద్దరు ముగ్గురు తొంగిచూశారు. ఆమె కోప్పడలేదు. పత్రం నా వైపు తిప్పి, మొదటి పేజీ మీద వేలు పెట్టింది.

"నాలుగో పాయింటు సదవండి సార్."

చదివాను. తప్పు జవాబుకు అర మార్కు తగ్గించబడును. వదిలేసిన ప్రశ్నకు తగ్గింపు లేదు.

ప్రతి మార్చిలో పరీక్ష హాల్లో నిలబడి, సూచనలు జాగ్రత్తగా చదవండి అని గట్టిగా అరిచేది నేనే. ఆ గొంతు ఎక్కడికి పోయిందో తెలియదు. అక్కడే నిలబడి మనసులో లెక్క వేశాను, ఆ విద్య ఒకటి ఏడ్చింది కదా. ముప్పై ఎనిమిది ఒప్పు, మూడు తప్పు. గుడ్డిగా దిద్దిన ఆ తొమ్మిదీ వదిలేసి ఉంటే ముప్పై ఆరున్నర. సీటు. నా సూత్రం వల్ల ఒక మార్కు వచ్చి, నాలుగు పోయాయి. ఆమె నా ముఖం చూసి మంచినీళ్ల గ్లాసు జరిపింది. వచ్చే ఏడు ఏడో తరగతిలో ఒకటో రెండో సీట్లు ఉంటాయని, పాపతో మళ్లీ రాయించమని చెప్పింది. నాతో కాదు, పాపతోనే చెప్పింది.

తిరుగు బస్సెక్కాం. నంద్యాల దాటాక అడిగాను.

"ఆ నాలుగో పాయింటు నీకు తెలుసునా?"

"తెలుసు నాయనా. హాల్ టికెట్టు వెనకాల గూడా ఉన్నింది. పొద్దున చెప్పబోతే నువ్వు వినకపోతివి."

"మరి తెలిసి తెలిసి ఎందుకు దిద్దినావమ్మా?"

"నువ్వు లెక్కల సారువి కదా" అంది. "నీకు తెలిసే చెప్తాండావు అనుకొంటి."

లెక్కల సారు కూతురు అనిపించుకోవడం ఇష్టం లేకనే ఆ పరీక్ష రాసిన పిల్ల. తనకు తెలిసిందాన్ని పక్కన పెట్టి, ఆఖరి ఐదు నిమిషాలూ లెక్కల సారు కూతురిగానే రాసి వచ్చింది. ఒక్కొక్క సున్నా దిద్దుతున్నప్పుడు తప్పయితే అర మార్కు పోతుందని ఆమెకు తెలుసు. బస్సులో అందరి ముందూ నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు కండక్టరు మా వాడే అయ్యాడు, నా ఖర్మ. టికెట్టు కొడుతూ ఏమైంది సార్ అని అడిగాడు. కంట్లో దుమ్ము పడిందన్నాను.

తర్వాతి ఆదివారం చర్చికి ఎగ్గొడదామని చూశాను. భక్ష్యాలు తిన్న అరవై మంది మొఖం ఎట్లా చూసేది? మా ఆవిడ ఇస్త్రీ చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. ఇక పోక తప్పుతుందా?

సాక్ష్యాల సమయం రాగానే లేచాను. దేవుడు సీటు ఇచ్చాడని పోయిన వారం నేను చెప్పింది అబద్ధం అన్నాను. దేవుడు ఇవ్వబోయాడు, నేను మధ్యలో అడ్డం పడ్డాను. నా కూతురు తప్పలేదు, నేను తప్పాను, మొదటి పేజీ చదవకుండా తప్పాను. ఇక్కడిదాకా అనుకొని వచ్చిందే. కానీ నోరు అక్కడ ఆగలేదు. "ఇంకోటి గూడా ఉంది" అన్నాను. "గూడ్సుకు నలభై రెండు పెట్టెలే."

సంఘం సంఘమంతా ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. దుఃఖంతో సారుకు మతి చలించిందనుకున్నారేమో. ఆడవాళ్ల వైపు ఒక్క తల మాత్రం పైకి లేచింది. ఆ వారంలో పాప నన్ను నేరుగా చూడడం అదే మొదటిసారి.

తర్వాత పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. మోకాళ్ల నొప్పులు, బోరులో నీళ్లు, కోడలి కాన్పు అయ్యాయి. అప్పుడు పాప లేచింది. మా చర్చిలో అంత చిన్నపిల్లలు లేవడం నేను చూడలేదు. అయ్యగారు చెప్పమ్మా అన్నారు.

"వచ్చే సంవత్సరం మల్లా పరీక్ష ఉంది. నేను రాస్తా" అంది. "అంతలోపల మా నాయన నేను చెప్పేది వినేట్ల ప్రార్థన చేయండి."

ఎవరూ నవ్వలేదు. అయ్యగారు అందరినీ కళ్లు మూసుకోమని, లెక్కల సారుకు వినే చెవులు దయచేయమని శ్రద్ధగా ప్రార్థన చేశారు. అరవై మందీ ఆమెన్ అన్నారు. వాళ్లందరి మీద మా ఆవిడ గొంతే గట్టిగా వినిపించింది. నేనూ అన్నాను, అందరూ అనేశాక.