నౌపడలో జిలేబీ విచారణ

నలభై మంది చుట్టాల ముందు కన్నకూతుర్ని జిలేబీల దొంగగా నిలబెట్టిన ఘనుణ్ణి నేను. ఎలా నిలబెట్టానో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు.

మా కీర్తనకు పదేళ్లు. ఎనిమిదో ఏట టైప్ వన్ డయాబెటిస్ వచ్చింది. అప్పట్నుంచి రోజుకు నాలుగైదు సూదులు. నేను రాజాం కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు సొంతంగా తయారుచేసుకున్న ఏర్పాటు ఒకటి ఇంటర్నెట్‌లో కనిపించింది. చేతికి అతికించిన సెన్సర్ చక్కెర కొలిచి ఫోనుకు పంపుతుంది. ఫోనులోని యాప్ లెక్క కడుతుంది. నడుముకున్న చిన్న పంపు ఆ మేరకు ఇన్సులిన్ వదులుతుంది. రెండు నెలలు కుస్తీ పట్టి అన్నీ కలిపాను. డాక్టరుగారు ఒక్క షరతు పెట్టారు: మొదట్లో యాప్ సలహా మాత్రమే చెప్పాలి, వేలు గుచ్చి సరిచూసుకున్నాకే మేం బటన్ నొక్కాలి.

పిల్లకు పెట్టేముందు ఒక సెన్సర్ నా చేతికే పెట్టుకున్నాను. ఫోనులో అంకె వచ్చింది. వచ్చిందా లేదా అని చూశానే తప్ప, ఎంత వచ్చిందో చూడలేదు. మర్నాడు పొద్దున్నే కీర్తన చేతికి ఇంకొకటి అతికించి, రాకెట్ ఎగరేసినవాడిలా చేతులు దులుపుకున్నాను.

ఆ మధ్యాహ్నం నౌపడలో మా బావమరిది కొత్త ఇంట్లో ప్రార్థన. పాస్టరుగారు ఆమెన్ అనగానే మగవాళ్లం మొదటి పంక్తిలో కూర్చున్నాం. పలావు, మాంసం కూర, వేడి జిలేబీలు. పిల్లలది రెండో పంక్తి. నేను చెయ్యి కడుక్కుని కబుర్లలో పడ్డానో లేదో, జేబులో ఫోను ఆటో హారన్‌లా మోగింది. కీర్తన చక్కెర 231. ఇంకా పైకి పోతోంది. మూడు యూనిట్లు ఇవ్వమంటోంది.

"కీర్తనా! జిలేబీలు తిన్నావు కదూ?"

"నేనేటీ తినలేదు నాన్నా!"

"అబద్ధం ఆడకు. ఫోను అబద్ధం చెబుతుందా?"

బావమరిది అడ్డొచ్చాడు. "బావా, పిల్ల ఆకలితో ఉన్నాది. ఒగ్గీయి."

"నీకు తెలీదు, ఇది సైన్సు!" అని నేను బటన్ మీద బొటనవేలు పెట్టాను. మా ఆవిడ సుజాత ఫోను లాగేసుకుంది.

"డాక్టరుగారేటి సెప్పారు? వేలు గుచ్చి సూడకుండా నొక్కితే ఊరుకోను!"

కీర్తన ఏడుస్తూనే వేలు చాపింది. మీటరు 104 చూపింది.

నా మొహం మాడిపోయింది. 104 ఉన్న పిల్లకు మూడు యూనిట్లు ఎక్కించి ఉంటే కాసేపటికి కళ్లు తిరిగి పడిపోయేది. ఇక్కడ మాత్రం నవ్వకండి.

"మరి ఫోనులోది ఎవరిదండీ?" అంది సుజాత.

కీర్తన ముక్కు తుడుచుకుంటూ నా చొక్కా చెయ్యి పైకి లాగింది. "నాన్నా, ఇదింకా తియ్యలేదేటి?"

తియ్యలేదు. పద్నాలుగు రోజులు పనిచేసే వస్తువని మనసు రాలేదు. ఫోనులో నా సెన్సర్ నంబరు తీసి కీర్తనదీ పెట్టలేదు. నేను తింటుంటే నా చక్కెరే పిల్ల పేరు మీద ఎక్కుతోంది.

"నీ వేలు సాపు," అంది కీర్తన. సూది కసిగా గుచ్చింది. 238.

"బావా, ఇది నీకెప్పట్నుంచి?" అన్నాడు బావమరిది. నాకు మాత్రం ఏం తెలుసు? ఆ వారమే డాక్టరుగారు పరీక్షలు రాసిచ్చి, వాటి కాగితాలు చూసి, నాకు టైప్ టూ అని తేల్చారు. ఇప్పుడు పొద్దున్నే కీర్తన నా ఎదుట మీటరు పెట్టుకుని పోలీసులా కూర్చుంటుంది.

అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ముందు నా వేలు గుచ్చుకోకుండా, ఈ జన్మలో ఇంకెవర్నీ వేలెత్తి చూపను.